బాబాయి వంతు రోడ్డు

మొన్న క్లాంగ్ నుంచి ఇపో వెళ్తుంటే కారులో మనవరాలు ఫోను చూసి ఏదో చదివింది, సర్కారు కొలువులు ఎన్ని ఉన్నాయో చూస్తే ఒక దేశం సంగతి తెలిసిపోతుందట, దానికి పెద్ద లెక్కలున్నాయట. నాకు నవ్వొచ్చింది. ఆ లెక్క మా ఊరు సుంగై సుమున్ ఆడవాళ్లకు చదువు లేకుండానే వచ్చు. రోడ్డు పక్క గడ్డి మోకాలి దాకా లేచిందంటే సర్కారు దగ్గర మనుషులు లేరని, పాదం మునగనంత పొట్టిగా ఉంటే దేశం కాస్త తేరుకుందని అనుకునేవాళ్లం. ఆ కాలం చూసిన మీకు నేను విడమర్చి చెప్పాలా.

మా నాన్న, బాబాయి తోటపని వదిలి సర్కారు రోడ్డుపనిలో చేరారు, అందుకే మాకు వరస ఇళ్లలో పక్కపక్కనే రెండు ఇళ్లిచ్చారు. ఆ పనికి ఒక పద్ధతి ఉండేది. రోడ్డులో ఒక్కొక్కరికి ఒక్కో వంతు, అక్కడ గడ్డి కోయడం, కాలువ తీయడం అంతా ఆ మనిషిదే. జీపులో పోయే అధికారి గడ్డిని చూసేవాడు గానీ మనిషిని చూసేవాడు కాదు. బాబాయి వంతు అన్నిటికంటే చివరిది, కొబ్బరితోటలు అయిపోయి బురద అడవి మొదలయ్యే వంపు దగ్గర.

అడవిలో దాగిన కమ్యూనిస్టులతో తెల్లవాళ్ల సర్కారు పోరాడుతున్న ఎమర్జెన్సీ రోజులు కదా, కర్ఫ్యూ వేళకు అందరూ ఇల్లు చేరాలి. ఒకరోజు బాబాయి చేరలేదు. వెళ్లి చూస్తే అన్నం తిన్న కారియరు కడిగి కల్వర్టు మీద బోర్లించి ఉంది, మనిషి లేడు, గడ్డి కోసే కత్తి లేదు. అడవిలోవాళ్లు తీసుకుపోయారో, సిపాయిలు పట్టుకుపోయారో, ఎవరిని అడిగినా తల అడ్డంగా ఊపడమే.

పనిలో మనిషి లేడంటే సర్కారు ఇల్లు ఖాళీ చేయాలి. పిన్నికి ఇంకో దిక్కు లేదు, పైగా వస్తే ఆయన ఆ గుమ్మానికే వస్తాడని ఆమె నమ్మకం. మా మేస్త్రీని మేము మండోరు అనేవాళ్లం, తమిళాయన, మంచివాడు. బాబాయి జ్వరంతో పడున్నాడని ఆయన పైవాళ్లకు చెప్పాడు. మగవాళ్లు వంతులవారీగా వెళ్లి ఆ వంపులో గడ్డి కోసేవారు. పిన్ని బాబాయి కాకీ చొక్కా ఉతికి దండెం మీద ఆరేసేది, ఒంటి మీద వేయకుండానే ఆ చొక్కా రంగు వెలిసిపోయింది.

కొన్నాళ్లకు ఒక పొద్దున నాన్న వెళ్లేసరికి గడ్డి కోసి ఉంది, కోసిన మొదళ్లు ఇంకా తడిగా ఉన్నాయి. వచ్చి, మాట చివర ఇక్కడివాళ్లలా 'లా' తగిలించే పక్కింటి మామను అడిగాడు.

"నువ్వు కోసినావేటి?"

"నానెందుకెల్తాను లా, ఇయాల నీ వంతు గదా."

ఎవరూ వెళ్లలేదు. మళ్లీ వారం కూడా అంతే. పిన్ని బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండా, "ఇంకెవులేటి బావా, మీ తమ్ముడే" అంది. ఆ తర్వాత మగవాళ్లు ఆ వంపు వైపు పోలేదు, పోవలసిన పనీ రాలేదు. మేం పిల్లలం తోట అంచున నిలబడి చూసేవాళ్లం. గడ్డి చాపలా పరిచినట్టుండేది, దాని మీద ఒక్క పిట్ట వాలేది కాదు.

అంతలో మెర్దేకా, అదే స్వాతంత్ర్యం, వచ్చింది, జెండాలు, రేడియోలో పాటలు. కొత్త సర్కారు ఇంకా మనుషుల్ని తీసుకుంటుందట, కొత్త అధికారి ఒక్కొక్కరి మొహం చూస్తాడట. మండోరు తనకొచ్చిన తెలుగులో పిన్నికి నచ్చజెప్పాడు.

"పోయినాడని సెప్పక్కా, ఆ పని నీకు వస్తది. ఉన్నాడంటే నిలబెట్టమంటాడు లా, యాడనుంచి తెస్తావు?"

పిన్ని ఆ రోజంతా పొయ్యి వెలిగించలేదు. మర్నాడు అధికారి ముందు నిలబడి ఒక్క మాటే అంది, "పోయినాడు." పని వచ్చింది, ఇల్లు నిలిచింది. సాయంత్రం అమ్మే ఆమె మెడలో నల్లపూసలు తీసింది.

ఆ వారం నుంచి వంపులో గడ్డి లేచింది, మోకాలి దాకా, నడుము దాకా. పిన్ని కత్తి పట్టుకుని ఒంటరిగా వెళ్లింది, పని మానే ఏడాది వరకూ అలాగే వెళ్లింది. అంతా కోసేది గానీ కల్వర్టు పక్కన ఒక మనిషి కూర్చునేంత చోటు మాత్రం కోయకుండా వదిలేది.

ఇప్పుడు ఆ రోడ్డుకు కాంట్రాక్టు వాళ్లు యంత్రాలతో వచ్చి ఒక్క పూటలో ఈ కొస నుంచి ఆ కొస దాకా కోసేసి పోతారు. ఏ వంతు ఎవరిదో చెప్పేవాళ్లు లేరు. నున్నగా, చూడ్డానికి బాగానే ఉంటుంది. ఇప్పుడు ఒక మనిషి ఇంటికి రాకపోయినా ఆ రోడ్డుకు తెలియదు.