తీసెయ్ అన్న మాట

మా ముత్తాత పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. తాత ఒక్క ఊళ్లో శిస్తు వసూలు చేసే మాలీ పటేల్. ఆయన వచ్చి కూర్చునేదాకా కచేరీలో అందరూ నిలబడే ఉండేవారు. నాన్న సూరత్ రింగ్ రోడ్ మార్కెట్‌లో చీరల పార్సిళ్లు రాసే గుమస్తా. నేను అదే సూరత్‌లో, పాండేసరలో, బట్టలకు రంగులేసే ఒక మిల్లులో టైమ్ కీపర్‌ని. ఈ వరుస చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

శనివారం సాయంత్రాలు మా కరీంనగర్ వైపు మగ్గాల పనివాళ్లు ఒక గదిలో చేరి భజన చేసేవారు. పాడించేది నాన్న. అందరూ చాప మీద కూర్చుంటే, నేను గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని, చవకలో కొన్న ఎంపీత్రీ ప్లేయర్‌లో రికార్డు చేసేవాణ్ని.

నాన్న పోయాక ఆయన గొంతు ఆ ప్లేయర్‌లో తప్ప మరెక్కడా లేదు. ఈ మధ్య దాని బ్యాటరీ ఉబ్బి, పాట మధ్యలో ఆగిపోసాగింది. అది పూర్తిగా చెడిపోయేలోపు పాటలు కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. మా గల్లీ చివర జెరాక్స్ దుకాణం నడిపే ఆమె దగ్గరికి తీసుకెళ్లాను. మగ్గం పనివాడి కూతురు. పుట్టింది, పెరిగింది సూరత్‌లోనే.

"దీంట్ల పాటలున్నయ్. తీసెయ్," అన్నాను.

"అన్నీనా అంకుల్?"

"అన్నీ."

మా వైపు తీసెయ్ అంటే తీసి ఎయ్. గాబులోకి నీళ్లు తీసెయ్, సంచిలోకి వడ్లు తీసెయ్. మా ఇంట్లో పని ఒక్కసారే చెబుతారు, విడమరచడం అలవాటు లేదు.

ఆమె వైరు పెట్టింది, ఏదో నొక్కింది, వైరు పీకి ప్లేయర్ నా చేతికిచ్చింది. "లీజియే. మొత్తం ఖాళీ."

"కంప్యూటర్ల ఎక్కినయా?"

"కంప్యూటర్ల ఎందుకుంటయ్? మీరే తీసెయ్ అన్నరు గద! డిలీట్ చేసిన."

నా ముఖం చూసి ఆమె ప్లేయర్ మళ్లీ లాక్కుంది.

"అయ్యో! నాది సూరత్ తెలుగంకుల్, సగమే పనిచేస్తది. ఏముండె దీంట్ల?"

"మా నాయిన."

ఆమె నా వైపు స్టూలు జరిపింది. పోయిన ఫైళ్లను వెతికే సాఫ్ట్‌వేర్ ఏదో పెట్టి, మధ్యమధ్య వచ్చినవాళ్లకు జెరాక్సులు తీస్తూ పొద్దుగూకేదాకా వెతికింది. చాలా ఫైళ్లకు పేర్లు తిరిగొచ్చాయి, లోపల చప్పుడు లేదు. పలికింది ఒక్కటే.

తాళాలు, డోలక్, వాటి వెనక దూరంగా నాన్న. చరణం ఆగింది. ఎవరో నవ్వుతూ, "దొరా, జర కిందికి దిగుండ్రి. గంత పైన మాకు అందుతలేదు," అన్నాడు.

"ఏండ్ల సంది దిగుతనే ఉన్న గదరా," అన్నాడు నాన్న. గదంతా నవ్వింది.

"చినదొరా, మీరన్న అందుకోరాదు? కుర్చీకి అతుక్కపోయిన్రా ఏంది?"

మళ్లీ నవ్వులు. ఆ తర్వాత, అన్నిటికంటే దగ్గరగా, ఒక ఊపిరి. అది నాది.

"గీ చినదొర ఎవరంకుల్?" అంది ఆమె. వెనక ఆధార్ కార్డు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు కూడా వింటున్నారు.

"ఆపమ్మా," అన్నాను.

పాటను పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చింది. నాది బటన్ల ఫోను, ఇంట్లో ఆ పెన్‌డ్రైవ్ పెట్టడానికి ఏమీ లేదు. "ఎప్పుడన్న వచ్చి ఈడనే వినుండ్రి," అంది. నలుగురు వచ్చిపోయే దుకాణంలో నాన్న గొంతు వినడం నాకు సమ్మతం కాదు. వెళ్లలేదు.

ఇప్పుడు ఆదివారాలు తలుపు వేసుకుని ఇంట్లోనే, కంప్యూటర్‌లో వింటాను. చరణం నాకు నోటికి వచ్చు. నాన్న ఆగినచోట అందుకుందామని నోరు తెరుస్తాను. గదిలో ఎవరూ లేరు, అయినా గొంతు పెగలదు.

కంప్యూటర్ సెకండ్‌హ్యాండ్‌ది. దానికోసం ముత్తాత వెండి పాన్‌దాన్ అమ్మాను.