చలికాలంలో మరిగిన కారు

మా చిక్కడపల్లి సందులో అప్పట్లో కారున్న ఇళ్లు రెండే. ఒకటి డాక్టరు గారిది, రెండోది మాది. మాదంటే, నాలుగు చేతులు మారి వచ్చిన పాత తెల్ల కారు. పెళ్లయిన పదకొండేళ్లకు మా ఆయన నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని నారాయణగూడ మార్కెట్‌కు తీసుకెళ్లింది అందులోనే. కూరగాయల సంచి ఒళ్లో పెట్టుకుని మహారాణిలా కూర్చునేదాన్ని.

ఎండాకాలమంతా నోరెత్తని ఆ కారు, చలి మొదలుకాగానే మరగడం మొదలుపెట్టింది. నారాయణగూడ చేరేలోపే బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఒక మెకానిక్ నీళ్ల పంపు మార్చాడు. ఇంకొకడు ఇంజనే విప్పాలన్నాడు. మా ఆయన విసిగిపోయి ఎవరికో అమ్ముతానని మాటిచ్చేశాడు.

"ఐతారం పొద్దున వచ్చి తీస్కపోతడు" అన్నాడు.

ఆ పూట నాకు అన్నం సహించలేదు. శనివారం పట్టుబట్టాను. "అశోక్ నగర్‌ల ముసలి మెకానిక్ ఉన్నడట. ఒక్కసారి చూపియ్యి. ఆయన గూడ కాదంటే ఇచ్చెయ్యి, నేను నోరు తెరవ."

ఆ పెద్దాయన తొందరపడలేదు. ఫ్యాన్ బెల్టు వేలితో నొక్కి చూశాడు. ఇంజన్ నడిపించాక, జేబులోంచి కాగితం ముక్క తీసి కారు ముందున్న జాలీకి ఆనించాడు. అది జారి కింద పడింది. మళ్లీ ఆనించాడు. మళ్లీ పడింది.

"ఫ్యాను గాలి గుంజుతే కాగితం అతుక్కోవాలె. లోపల ఏదో అడ్డమున్నది" అన్నాడు.

జాలీ విప్పి, దుమ్ము పట్టిన అట్ట ఒకటి బయటకు లాగాడు. దాని మీద బంగారు రంగు నెమలి కనబడింది. నా పట్టుచీర డబ్బా మూత!

చలికి కారు పొద్దున్నే స్టార్ట్ కాదని, రాత్రి ముందువైపు గోనెసంచి కప్పి పొద్దున తీసెయ్యమని, కారు కొన్నప్పుడే పాత యజమాని చెప్పాడు. చలి మొదలవగానే నేను అలాగే కప్పితే, "బర్రెకు కప్పినట్టు కప్పినవేందక్కా!" అని సందంతా నవ్వింది. సిగ్గేసి, ఎవరికీ కనబడకుండా బానెట్ ఎత్తి ఆ మూతను జాలీ వెనక దూర్చాను. స్వెటర్ వేశాక చలి పోయేదాకా ఉండనిస్తాం కదా, ఇదీ అంతే అనుకున్నాను.

"అది... నేనే పెట్టిన. చలికి స్వెటర్ లెక్క" అన్నాను.

మా ఆయన మూతను చూశాడు, నన్ను చూశాడు. "మఫ్లర్ గూడ కట్టకపోయినవా?"

పెద్దాయన పడీ పడీ నవ్వాడు. "పోనియ్యన్నా. చెల్లె స్వెటర్ మంచిగనే తొడిగింది, ముక్కు గూడ మూసింది, అంతే."

తిరిగొచ్చేటప్పుడు మా ఆయన కావాలనే నారాయణగూడ చుట్టూ తిప్పాడు. కొంచెం కూడా ఆవిరి రాలేదు. ఆదివారం వచ్చిన మనిషికి గుమ్మంలోనే చాయ్ ఇచ్చి, "ఏమనుకోకు అన్నా, ఇస్తలేను. మా ఇంటామెకు దాని మీద జర ప్రేమ ఎక్కువ" అని పంపేశాడు.

మరుసటేడు చలి మొదలైన రోజు, సాయంత్రం మా ఆయనే ఒక కొత్త గోనెసంచి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"బయటనే కప్పు. నవ్వేటోళ్లను నవ్వనియ్యి."