ఎవరో పెట్టుకున్న కళ్ళజోళ్ళు

డెబ్బైల్లో నేను బెజవాడలో ఒక మిషన్ ఆసుపత్రిలో చీటీలు రాసేదాన్ని. ఒక ఎండాకాలం మాకు ఓడ మీద చెక్కపెట్టె ఒకటి వచ్చింది. నిండా కళ్ళజోళ్ళు. ఎక్కడో దేశాల్లో జనం వాడి పక్కన పడేసినవి పోగుచేసి పంపారు. అడుగున చెవిటి మిషన్లు కూడా నాలుగు ఉన్నాయి గానీ, వాటికి సరిపోయే బ్యాటరీలు గవర్నరుపేటంతా తిరిగినా దొరకలేదు. బీరువాలో పెట్టి తాళం వేశాం.

జోళ్ళు తుడిచి పెట్టమంటే నేను వాటిని చూస్తూ కూర్చున్నాను. ఒకదాని కొసలు పిల్లి చెవుల్లా పైకి లేచి ఉన్నాయి. ఒకదాని ముక్కు దగ్గర ఇంకా పౌడరు అంటుకునే ఉంది. ఇంకొకదాని కాడ చివర పంటిగాట్లు. ఏం ఆలోచిస్తూ కొరికిందో ఆవిడ? అసలు ఆవిడో, ఆయనో? ఉన్నారా, పోయారా? ఇలాంటి ఆరాలు నాకు మొదటినుంచీ ఎక్కువే. “తుడవమంటే జాతకాలు చూస్తున్నావేంటే,” అని మా నర్సమ్మ నవ్వేది.

దూరపు చూపు డాక్టరుగారు చూసేవారు. దగ్గర చూపు జోళ్ళు ఇచ్చే పని నాకు అప్పజెప్పారు. నేనొక పద్ధతి పెట్టుకున్నాను. వచ్చినవాళ్ళ చేతికి మా క్రైస్తవుల గుళ్ళో పాడే పాటల పుస్తకం ఇచ్చి చదవమనేదాన్ని. తడుముకోకుండా చదివితే ఆ జోడు వాళ్ళది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆసుపత్రి వెనక ఆడపిల్లల హాస్టల్లో బియ్యం ఏరే ముసలావిడ ఉండేది. అందరికీ మామ్మే. కంకిపాడు దగ్గర పొలాల్లో నాట్లు వేసి వేసి, నడుం పడిపోయాక ఇక్కడ చేరింది. కొన్నాళ్ళుగా అన్నంలో రాళ్ళు తగులుతున్నాయని పిల్లలు గోల పెడుతున్నారు. ఇంకొక నెల చూసి వేరే మనిషిని పెట్టుకుంటానని వార్డెనుగారు చెప్పేసింది. ఆ పని పోతే మామ్మకి తలదాచుకునే చోటు కూడా పోయినట్టే.

“నలభై రెండో పాట తియ్యమ్మాయ్, అదంటే నాకిష్టం,” అంది మామ్మ. తీసిచ్చాను. పిల్లి చెవుల జోడు పెట్టుకుని మూడు చరణాలూ గడగడా అప్పజెప్పింది. మొదటి జోడే కుదిరిందని సంతోషంగా పంపించాను.

వారం తిరక్కుండా ఒక పిల్లకి రాయి తగిలి పన్ను విరిగింది. “కళ్ళకేం రోగం లేదు, ఒళ్ళే బద్ధకం,” అంది వార్డెనుగారు. నాకూ తిక్కరేగింది. అంత బాగా చదివిన మనిషికి రాయి కనపడకపోవడమేంటి? పుస్తకం పట్టుకుని హాస్టలుకి వెళ్ళి, ఏదో పేజీ తెరిచి మామ్మ చేతిలో పెట్టాను. “ఏదీ, చదువు.”

మామ్మ మొదలుపెట్టింది. మళ్ళీ నలభై రెండో పాటే. నేను పేజీ కేసి చూశాను. అక్కడున్నది పెళ్ళిళ్ళలో పాడే పాట.

నా మొహం చూసి మామ్మ ఆగిపోయింది. పుస్తకం మెల్లగా మూసింది.

“నాకు అక్షరమ్ముక్క రాదమ్మాయ్. గుళ్ళో అందరూ పుస్తకం తెరుస్తారు గదా, నేనూ తెరుస్తా. ఎవరికీ చెప్పమాక.”

నాకు తలకొట్టేసినట్టయింది. పాటలన్నీ నోటికొచ్చినవాళ్ళని కూర్చోబెట్టి పాటలు చదివించాను. ఇంకెంతమందికి ఇలా తప్పుడు జోళ్ళు అంటగట్టానో అనుకుంటే సిగ్గేసింది.

పెట్టె అక్కడికే తెప్పించాను. చేటలో గుప్పెడు బియ్యం పోసి, నాలుగు తెల్లరాళ్ళు కలిపాను. మామ్మ ఒక్కో జోడూ పెట్టుకోవడం, తల అడ్డంగా ఊపడం. తొమ్మిదోది పంటిగాట్ల జోడు. అది పెట్టుకోగానే చేట మీదికి వంగింది. వేళ్ళు తిన్నగా రాళ్ళ మీదికే వెళ్ళాయి. ఏరి నా అరచేతిలో పోసింది. అయిదున్నాయి.

“నేను నాలుగే వేశాను మామ్మా.”

“ఇంకోటి నువ్వు చూళ్ళేదు,” అంది.

మర్నాటి నుంచి నా బల్ల మీద పుస్తకం పక్కన చేట కూడా ఉంది. ముందు జోళ్ళు పట్టుకెళ్ళినవాళ్ళందరికీ మళ్ళీ రమ్మని కబురు పెట్టాను. నెల గడిచింది, రాయి తగిలిందన్న మాట వినపడలేదు. వార్డెనుగారు వేరే మనిషి ఊసెత్తడం మానేసింది.

ఒక సాయంత్రం మామ్మ పాటల పుస్తకం చంకన పెట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. జోడు తీసి, కాడ మీది గాట్లు బొటనవేలితో తడిమింది.

“ఇది పెట్టుకున్నావిడకి చదువొచ్చంటావా?”

“వచ్చే ఉంటుంది మామ్మా.”

జోడు మళ్ళీ పెట్టుకుని, పుస్తకం నా ముందుకు తోసింది.

“అయితే నలభై రెండు ఎక్కడుందో చూపించు.”