బెజవాడ రోడ్డున మా వంతు మొక్క

పోలీసు చర్య అయిన ఏడాది చలికాలంలో బెజవాడ రోడ్డు పొడుగునా ఉన్న ఊళ్లు ఒక మాట మీదికి వచ్చాయి. అంతకుముందు గొడవల్లో, నైజాం పోలీసు లారీలు రాకుండా రోడ్డుకు అడ్డం వేయడానికి తాతల నాటి చెట్లను నరికేశారు. సూర్యాపేట నుంచి కోదాడ దాకా ఆ నీడను మళ్లీ నిలబెట్టాలనీ, ఏ ఊరి హద్దు ఆ ఊరు, ఇంటికొక కానుగ మొక్క పెంచాలనీ పెద్దలు మునగాలలో కూర్చొని తేల్చారు. మునగాల ఆంధ్ర కింద, మా ఊరు నైజాం కింద. రోడ్డు ఒక్కటే కదా అని ఎవరూ హద్దుల మాట ఎత్తలేదు.

అక్కడ అందరికంటే గట్టిగా మాట్లాడింది మా ఆయనే. "మొక్కను ఎండబెట్టినోళ్ల పేరు పదిమందిల సదవాలె" అన్నాడట. ఆయన మాటలు కోటలు దాటేవి, నీళ్ల కడవ మాత్రం నా నడుం మీద ఉండేది.

మా మొక్క పక్కదే పక్కింటి కోడలి మొక్క. ఆమె భర్త కమ్యూనిస్టు దళంలోకి వెళ్లి ఎనిమిది నెలలు. కబురు లేదు. రోడ్డున పోయే ప్రతి బండినీ ఆపి అడిగేది. ఒకరోజు నీళ్లు పోస్తూ, "ఇది పచ్చగున్నన్ని దినాలు ఆయన గూడ బాగున్నడనుకుంటున్న అక్కా" అంది. చెట్టుకూ మనిషికీ ఏం సంబంధమని నవ్వేశాను.

ఎండాకాలంలో చెల్లెలి కాన్పుకు మిర్యాలగూడ వెళ్లాను. పది రోజులు. మా మొక్కకు జర నీళ్లు పొయ్యమని ఆమెను అడిగితే సంతోషంగా పోసేది. నాకు నోరు రాలేదు. ఒకరిని అడగడమంటే చిన్నతనం నాకు.

తిరిగొచ్చి చుట్టూ ఒత్తుగా కట్టిన తుమ్మకంప జరిపి చూస్తే మా మొక్క ఎండిపోయి ఉంది. కంప చాటున అది ఇంకా ఎవరి కంటా పడలేదు. మర్నాడు పొద్దున్నే అన్ని ఊళ్ల పెద్దలూ మొక్కలు చూడటానికి వస్తున్నారు. మా ఆయన పేరే మొదట చదువుతారు, ఆ కోపం నా వీపు మీద దిగుతుంది. మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద నరపురుగు లేని వేళ గడ్డపార తీసుకెళ్లాను. ఆమె మొక్కను మట్టిగడ్డతో సహా పెకిలించి మా గుంటలో పెట్టాను. మాది ఆమె గుంటలో పెట్టి తుమ్మకంప ఎప్పటిలా సర్దాను. మహా అయితే పెద్దలు ఆమెను నాలుగు మాటలంటారు, అంతే కదా అనుకున్నాను. ఆమె చెప్పిన మాట గుర్తు రాలేదని అంటే అబద్ధం. గుర్తొచ్చింది.

సాయంత్రం ఆమె నీళ్లు తెచ్చింది. కంప జరిపి, ఎండిన ఆకును వేళ్ల మధ్య నలిపి చూసింది.

"పొద్దుగాల పచ్చగుండె అక్కా. మాపటికల్ల గిట్ల ఎండిందంటే ఆయనకేదో అయింది."

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. "ఎండలు గట్ల ఉన్నయి" అన్నాను.

మర్నాడు పెద్దలు ఆమెను ఒక్క మాటా అనలేదు. "ఇంట్ల మగదిక్కు లేదు, పేరు సదవకుండ్రి" అని ముందుకు నడిచారు. మా మొక్క దగ్గర ఆగి మెచ్చుకున్నారు. మా ఆయన మీసం సవరించుకున్నాడు. ఆ రోజు నుంచి ఆమె బండ్లను ఆపడం మానేసింది. ఆమె భర్త బతికున్నాడో లేదో ఊళ్లో ఎవరికీ తెలియదు. లేడని ఆమె ఒక్కతే నమ్మింది, అదీ నా వల్ల. ఇంత వయసొచ్చినా ఆ సిగ్గు నన్ను వదల్లేదు.

మూడో రోజు సాయంత్రం నేను రోడ్డెక్కేసరికి ఆమె నిండు కడవతో మా మొక్క దగ్గర నిలబడి ఉంది.

"అలవాటుల నింపుకొచ్చిన అక్కా. మీ దానికి పొయ్యనా? మీదన్న బతకాలె."

"పొయ్యి చెల్లె" అన్నాను.