దోషం లేని పంపు

కుండ కొనేవాడు దాన్ని వేలి కణుపుతో కొట్టి చూస్తాడు. ఎద్దును కొనేవాడు నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు. పెళ్ళిచూపుల్లో పిల్ల చేత పాట పాడించే ఆచారం ఎవరు పెట్టారో గానీ, బాగా పాడిన పిల్ల కాపురం బాగా చేస్తుందని ఏ శాస్త్రంలోనూ లేదు. అన్నిటికంటే కష్టం మనిషిని ఉద్యోగానికి పరీక్షించడం. కుండ అబద్ధమాడదు, ఎద్దు బట్టీ పట్టి రాదు. ఇంజనీరింగు చదివి వచ్చినవాళ్ళలో పనికొచ్చేవాడెవడో ఎలా పోల్చుకోవాలని పెద్ద పెద్ద కంపెనీలవాళ్ళు బల్లల చుట్టూ కూర్చుని తలలు పట్టుకుంటున్న రోజుల్లో, ఎనిమిదో తరగతి దాటని అప్పలసూరి ఆ పనిని భిలాయిలో ఒక స్క్రూడ్రైవరుతో చేసేవాడు.

సూరిది ఆమదాలవలస పక్క పల్లె. పదహారో ఏట రైల్వే షెడ్డులో బాయిలరు మీద సుత్తి పట్టాడు. భిలాయిలో ఉక్కు కర్మాగారం లేస్తోందని తెలిసి, ఒక రేకు పెట్టె, భార్య నూకాలమ్మ, ఒక జాడీ ఆవకాయతో దుర్గ్ స్టేషన్‌లో దిగాడు. దిగిన రోజు ఆ ఎర్రమట్టి చూసి నూకాలమ్మ ఏడ్చిందట. జాడీ ఖాళీ అయ్యేసరికి ఏడుపు మానేసి, పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ దగ్గర చీలా అనే బియ్యప్పిండి అట్టు పోయడం నేర్చుకుంది. ఊళ్ళు మారినవాళ్ళను చాలామందినే చూశాం. నాలుక అలవాటు పడితే కాళ్ళు వాటంతటవే పాతుకుంటాయి.

రోలింగు మిల్లులో ఇరవై ఏళ్ళు చేసి, ఫోర్‌మన్‌గా పందొమ్మిదివందల డెబ్భై ఎనిమిదిలో రిటైరయ్యాడు సూరి. ఊరి అంచున కోహ్కాలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. పెరట్లో జామచెట్టు, వరండాలో నులక మంచం, గోడకి ఆనించిన సైకిలు. ఇంతకుమించి ఆయనకి అక్కర్లేదు. అయితే ఆయనకి పేరు తెచ్చింది ఇవేవీ కాదు, చెవి. స్క్రూడ్రైవరు మొనను నడుస్తున్న యంత్రం బేరింగు మీద ఆనించి, పిడిని చెవికి నొక్కిపెట్టి కళ్ళు మూసుకున్నాడంటే, దాని కడుపులో ఏముందో చెప్పేసేవాడు. నాడి చూసే వైద్యులకి పూర్వం ఎలాంటి మర్యాద జరిగేదో మిల్లులో సూరికి అలాంటిదే జరిగింది.

ఆయనకొక సిద్ధాంతం కూడా ఉండేది. భిలాయిలో కీచురాళ్ళు లేవని. కొత్తల్లో చీకటి పడితే చాలు చెవులు చిల్లులు పడేలా అరిచేవట. తరవాత తరవాత కొలుముల వెలుగు ఆకాశమంతా పరుచుకుని, వాటికి పగలేదో రాత్రేదో తెలియక అడవుల్లోకి పోయాయట. ఈ మాట ఆయన టీ దుకాణంలో, రేషను వరసలో, పెళ్ళి పందిళ్ళలో చెప్పేవాడు. పెద్దవాడని అందరూ తలూపేవారు. నూకాలమ్మ ఒకటి రెండుసార్లు ఏదో అనబోయింది గానీ, మొగుడి సిద్ధాంతంతో దెబ్బలాడితే కూర మాడిపోతుందని ఊరుకుంది.

రిటైరైన ఏడాదే ఆయన్ని పరబ్రహ్మం గారు పిలిపించారు. పరబ్రహ్మం గారు కర్మాగారంలో ఇంజనీరుగా చేసి, మానేసి, నందిని గనులకి వెళ్ళే దారిలో పంపులూ బ్లోయర్లూ బాగుచేసే చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నాయన. అంతకుముందు ఏడాది ఒక ఇంజనీరుని తీసుకున్నారు. ఆ అబ్బాయి ఇంటర్వ్యూలో గాలి ప్రవాహం గురించి పావుగంట మాట్లాడాడు. ఉద్యోగంలో చేరిన వారానికి ఫ్యానుని తిరగాల్సిన వైపుకి ఎదురుగా తిప్పి, గాలి రావడం లేదేమని లెక్కలు కట్టుకుంటూ కూర్చున్నాడు. ఇక కాగితం మీద ఎవరినీ నమ్మనని పరబ్రహ్మం గారు ఒట్టు పెట్టుకున్నారు. ప్రశ్నలు తాను అడుగుతాననీ, పని పరీక్ష సూరి పెట్టాలనీ, సూరి వేసిన మార్కుకి తిరుగు లేదనీ చెప్పారు.

సూరి పెట్టిన పరీక్ష చాలా చిన్నది. షెడ్డులో ఒక నీటి పంపు నడుస్తూ ఉంటుంది. వచ్చినవాడి చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చి, దీన్లో దోషం ఏటో సెప్పమంటాడు. ఆ పంపులో ఏ దోషమూ ఉండదు.

అంతే పరీక్ష. దోషం ఏమిటని అడిగితే, లేదని చెప్పడానికి గుండె కావాలి. పదిమందిలో తొమ్మిదిమంది ఏదో ఒకటి పట్టుకొచ్చేవారు. షాఫ్టు వంగిందన్నవాడు ఒకడు, పునాది బోల్టులు వదులయ్యాయన్నవాడు ఒకడు. ఒకతనైతే వోల్టేజి మీదికి తోసేశాడు. ఏ పదోవాడో రెండుసార్లు విని, చేతులు తుడుచుకుని, ఏమీ లేదండీ అనేవాడు. వాడికి ఉద్యోగం. ఈ కిటుకు ఏళ్ళ తరబడి బయటికి పొక్కలేదు. నెగ్గినవాళ్ళకి చెప్పాల్సిన అవసరం లేదు, పోయినవాళ్ళకి తెలియదు. అలా ఏడేళ్ళలో నలుగురు ఇంజనీర్లు చేరారు. నలుగురూ నికరమైనవాళ్ళే.

ఎనభై అయిదు వానాకాలంలో ముగ్గురు వచ్చారు. అందులో మూడో మనిషి ఆడపిల్ల. పేరు ఛాయ, కర్మాగారం కాలనీ సెక్టర్ ఏడులో ఉండే సత్యారావు అనే టైం ఆఫీసు గుమాస్తా కూతురు. రాయపూర్‌లో మెకానికల్ చదివింది. అప్పటికి మూడు చోట్ల ఆ పిల్ల దరఖాస్తు వెనక్కి వచ్చింది. షాపు పనికి ఆడవాళ్ళని తీసుకోమని ఒకరు మర్యాదగా రాశారు, మిగిలిన ఇద్దరు ఆ మర్యాద కూడా లేకుండా. లోపలికి రమ్మని పిలిచింది ఈ ఒక్క షెడ్డే. ఇది కూడా పోతే బి.ఎడ్. చేసి బడిలో చేరుతానని ఇంట్లో మాటిచ్చి మరీ వచ్చింది.

మొదటి ఇద్దరూ షాఫ్టు దగ్గరా బోల్టుల దగ్గరా పడిపోయారు. ఛాయ జడను ముడి వేసుకుని, స్క్రూడ్రైవరు పుచ్చుకుని, మోటారు పక్క వింది, పంపు పక్క వింది, మళ్ళీ మోటారు పక్కకి వచ్చింది. సూరి ముచ్చట పడ్డాడు. ఈ పిల్ల ఏమీ లేదంటుందని ఆయనకి అప్పటికే నమ్మకం కుదిరింది.

"అంకుల్, పంపు వైపు బేరింగ్‌లో గడ్‌బడ్ ఉంది. సన్నగా కీచుమంటోంది. పోతోంది అది."

సూరి మొహం వాడిపోయింది. "మళ్ళీ ఇనమ్మా," అన్నాడు. ఇంకెవరికీ ఇవ్వని రెండో అవకాశం అది.

ఆ పిల్ల మళ్ళీ వింది. అదే మాట అంది. సూరి స్క్రూడ్రైవరు తీసుకుని తానూ విన్నాడు. నాగావళి నిండుగా పారుతున్నట్టు ఒకటే హోరు, నునుపుగా.

"నాకేటీ ఇనబడ్నేదు."

"ఉంది అంకుల్. పక్కా ఉంది."

మొండిదనుకుని సూరి కాగితం మీద సున్నా చుట్టాడు. పరబ్రహ్మం గారు ఆ సున్నా చూసి, ఈసారికి ఎవరూ కుదరలేదని, వచ్చే నెలలో మళ్ళీ పిలుద్దామన్నారు. ఆ పిల్ల సైకిలెక్కి, వానలో వెళ్ళిపోయింది.

తొమ్మిదో రోజు పొద్దున్న టీ వేళకి పంపు అరిచి, పొగలు కక్కి, పట్టేసింది. కాలిన గ్రీజు వాసన షెడ్డంతా నిండింది. సూరి తానే విప్పాడు. పంపు వైపు బేరింగు. గుళ్ళని పట్టి ఉంచే పంజరం ముక్కలైంది. బయటి ఉక్కు వలయం లోపలి వైపు గోరంత పెచ్చు లేచిపోయి ఉంది. ఆ పెచ్చు అంచులు అరిగి నున్నగా ఉన్నాయి. అంటే నిన్నా మొన్నా లేచింది కాదు. కనీసం మూడు వారాల నాటిది.

సూరి దాన్ని గుడ్డలో చుట్టి జేబులో వేసుకున్నాడు. ఆ పిల్ల అన్న మాట ఆయన తప్ప ఎవరూ వినలేదు. కాగితం మీద ఉన్నది సున్నా ఒక్కటే, దానికి నోరు లేదు. బేరింగు అన్నాక పోతుంది, కొత్తది వేస్తారు. ఆయన గమ్మున ఉంటే ఆ సంగతి అక్కడితో సరి. ఆ పిల్ల బి.ఎడ్. చదువుతుంది, ఈయన చెవి పేరు చెవికి ఉంటుంది. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. భోజనాల వేళ దాకా అది ఆయన పక్కనే కూర్చుంది.

సాయంత్రం ఇంటికి వచ్చి వరండాలో మంచం మీద కూర్చున్నాడు. వాన వెలిసింది. నూకాలమ్మ గడప దగ్గర చేటలో బియ్యం ఏరుకుంటోంది. మసక చీకటి పడుతుంటే అడిగాడు.

"నూకాలూ, కీచురాళ్ళు అరుస్తన్నాయేటి?"

ఆమె చేట ఆపి ఆయన వైపు చూసింది. "ఇదేటి కొత్తగా? ఈ ఊరొచ్చిన కాడ్నించి అరుస్తానే ఉన్నాయి. ఇప్పుడూ సెవి కోసేత్తన్నాయి."

"మరి సెప్పవేటి?"

"సెప్తే ఇన్నావా? అడివికెల్పోనాయని ఊరందరికీ సెప్పుకొచ్చావు. పెద్దమనిషివి, పోన్లే, నీకోసం ఎల్పోనాయనుకున్నాను."

సూరి చాలాసేపు చెట్టు వైపు చెవి ఒగ్గి కూర్చున్నాడు. లారీ వెళ్ళడం వినబడింది. పక్కింటివాళ్ళ మాటలు వినబడ్డాయి. నూకాలమ్మ మళ్ళీ ఏరుతున్నా చేటలో బియ్యం చప్పుడు లేదు, కీచురాళ్ళు లేవు. సన్ననివన్నీ ఎప్పుడో సెలవు చెప్పకుండా వెళ్ళిపోయాయి. తరవాత డాక్టరు కూడా అదే అన్నాడు: ఇనుము చప్పుడులో బతికినవాళ్ళకి ముందు సన్నటి కూతలు పోతాయి, లావువి మిగులుతాయి, అందుకే పోయినట్టు తెలియదు అని. నలభై రెండేళ్ళు, బాయిలరు నుంచి మిల్లు దాకా. విచిత్రం ఏమిటంటే ఆయనకి ఏడుపు రాలేదు, నవ్వు వచ్చింది. పాపం, కీచురాళ్ళ మీద ఎంత నింద వేశాడు.

మర్నాడు బేరింగు పరబ్రహ్మం గారి బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, దానికేముంది, వచ్చే నెల పిలుపుల్లో ఆ అమ్మాయి పేరు కూడా కలిపేద్దాం, పాత సంగతి ఎత్తక్కర్లేదన్నారు. సూరిని కాపాడదామనే అన్నారు, మంచివారు.

"అలాగైతే ఆ పిల్ల మళ్ళీ పరీక్షకి రావాల, సార్. అది నెగ్గిపోయింది. ఓడింది నాను."

ఆ మధ్యాహ్నమే సైకిలు తొక్కుకుంటూ సెక్టర్ ఏడుకి వెళ్ళాడు. సత్యారావు తలుపు తీశాడు. కూతురు లోపల బి.ఎడ్. ఫారం నింపుతోంది. సూరి కుర్చీ వద్దని నిలబడే గుడ్డ విప్పి, బేరింగు ఆ పిల్ల చేతిలో పెట్టాడు. ఆ రోజు తాను సున్నా వేశానని, అది తప్పని, తన చెవికి ఆ చప్పుడు అందలేదని తండ్రి ఎదుటే చెప్పాడు.

ఛాయ ఆయన మాటలు సగమే విన్నట్టుంది. బేరింగుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. బొటనవేలితో పెచ్చు తడిమింది.

"ఇదే కదూ బాబాయ్ అరిచింది?" అంది. అంకుల్ ఎప్పుడు బాబాయ్ అయ్యాడో ఇద్దరూ గమనించలేదు. "ఇంటికొచ్చాక నాకే డౌట్ వచ్చింది. మీకు వినబడనిది నాకెలా వినబడుతుందని. మూడు రోజులు నిద్ర పట్టలేదు."

"అసలు నువ్వేటి సెప్పాలో తెల్సా? ఏటీ నేదనాల. బాగున్న పంపనుకునే ఎట్టాను."

ఛాయ గట్టిగా నవ్వింది. సత్యారావుకి ఏమీ అర్థం కాకపోయినా, ఎందుకైనా మంచిదని టీ పెట్టమని లోపలికి కేకేశాడు. బి.ఎడ్. ఫారం బల్ల మీదే ఉండిపోయింది. దాని మీదే టీ గ్లాసులు పెట్టారు.

సోమవారం ఛాయ చేరింది. షెడ్డువాళ్ళు మొదట దీదీ అని, ఏడాది తిరిగేసరికి బడీ దీదీ అని పిలిచారు. సూరి పరీక్ష మాత్రం మానలేదు. ఒకటే మార్పు: పరీక్ష రోజు పొద్దున్న ముందు సూరి వింటాడు, తరవాత స్క్రూడ్రైవరు ఛాయకి ఇస్తాడు. ఆమె విని తలూపితేగాని ఎవరినీ లోపలికి పిలవరు. గరగర, కొట్టుకోవడం, లావు చప్పుళ్ళన్నీ ఆయనవి. సన్నవన్నీ ఆమెవి. సాయంత్రాలు నూకాలమ్మ కూడా వరండాలోంచి కీచురాళ్ళ సమాచారం రోజూ అందించేది, ఇవాళ ఎక్కువున్నాయనో, వాన పడేలా ఉంది అందుకే మానేశాయనో. సూరి జామకాయ కోసుకుంటూ, ఊరి కబుర్లు విన్నట్టు వినేవాడు.

ఎనభై ఏడులో గురునాథరావు అనే అబ్బాయి వచ్చాడు. స్క్రూడ్రైవరుతో రెండు పక్కలా విని, "ఏమీ వినబడలేదండీ," అన్నాడు. ఇదివరకైతే అదే చాలు. సూరి కళ్ళు తెరిచి చూశాడు.

"ఏటీ నేదంటావా, నీకు ఇనబడ్నేదంటావా?"

ఆ అబ్బాయి జవాబు చెప్పబోయి ఆగాడు. తరవాత చెయ్యి చాపి స్క్రూడ్రైవరు మళ్ళీ ఇమ్మన్నాడు.

అతను వంగి వింటుండగానే సూరి కాగితం మీద నిండు మార్కు వేసేశాడు.