చివరి వరస దాకా కాలిన చుట్ట

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. పొగ వాసన పడనివాళ్ళు గాలి వచ్చే వైపుకి రండి. చెప్పబోయేది చుట్ట సంగతి.

మాది మైలవరం పక్కన పల్లె. మామిడి పిందె పడే రోజుల్లో నేనూ మా మరిదీ బండి మీద తోటలు చూసుకుంటూ తిరుగుతాం. కాపు ముందే మాట్లాడుకుని, కాయ దిగాక నూజివీడు మార్కెట్‌కి తోలుకుంటాం. మా ఆయన పోయాక ఈ వ్యాపారంలో ఆయన చోటు నాకొచ్చింది. ఆయన చుట్ట కూడా నాకే వచ్చింది.

ఈ పనిలో లాభం ఉన్నా లేకపోయినా భోజనం మాత్రం ఉంటుంది. తోట అమ్మేవాళ్ళు మాకు వడ్డించినట్టు పెళ్ళివారికి కూడా వడ్డించరు. తిరగ్గా తిరగ్గా నాకు తెలిసిందేమంటే, విస్తట్లో కూరలు పెరిగిన చోట చెట్ల మీద కాయలు తగ్గుతాయి. గ్లాసుడు మజ్జిగ ఇచ్చి "వెళ్ళి చూసుకోండి" అన్న తోటని కళ్ళకద్దుకుని కొనొచ్చు. గారెలు వండారంటే ఎక్కడో తెగులు ఉంది. పూర్ణాలు కూడా వచ్చాయంటే అసలు చెట్లున్నాయో లేవో చూసుకోవాలి.

పోయినేడు జి. కొండూరు దగ్గర మరిది కోడిపలావుకి పడిపోయాడు. తిని నడవలేక, గట్టు మీద నుంచే తోట బాగుందన్నాడు. వెనక సగంలో కాయే లేదు. ఆ నష్టం పూడ్చడానికి పాడి గేదెలు రెండూ పోయాయి. ఈ ఏడు కూడా అలాగే అయితే అమ్ముకోవడానికి ఉన్న ఇల్లు తప్ప ఏమీ మిగల్లేదు.

అలాంటప్పుడు ముసునూరు అవతల నుంచి ఒక తోట చూడమని కబురొచ్చింది. ఇల్లు తోటలోనే ఉంది. బండి దిగగానే ఉలవచారు వాసన ఎదురొచ్చింది.

"ముందు తోట చూసొస్తామండి," అన్నాను.

"తోటెక్కడికి పోద్దక్కా! ముందు కాళ్ళు కడుక్కోండి," అన్నాడు రైతు.

గారెలు, నాటుకోడి పులుసు, మీగడ వేసిన ఉలవచారు. అబద్ధమెందుకు, ఆ చారు రుచి ఇప్పటికీ నా నాలుక మీదే ఉంది. కాచిన చేతికి దండం పెడతాను. ఎందుకు వడ్డించారన్నది వేరే సంగతి. చివర్లో పూర్ణాలు వచ్చాయి. నేను తల తిప్పి చెట్ల వైపు చూశాను. మరిది మాత్రం లెక్కపెట్టడం మానేసి తిన్నాడు.

"ఏమయ్యా, లేస్తావా?"

"లేస్తా వదినా, కాసేపాగి," అంటూ మంచం మీద ఒరిగాడు. నా కోసం ఇంకో మంచం, దాని మీద దిండు కూడా సిద్ధంగా ఉన్నాయి. నా కాళ్ళూ బరువెక్కాయి.

"మా వదినకి తిన్నాక చుట్ట పడాలండి," అన్నాడు మరిది, కళ్ళు మూసుకునే.

రైతు సంబరంగా లోపలికి వెళ్ళి, బావమరిది దుబాయ్ నుంచి తెచ్చిన డబ్బా పట్టుకొచ్చాడు. అందులో చుట్ట లేత బీరకాయంత ఉంది. బెల్లప్పాకం వాసన. మా ఊరి చుట్టయితే నాలుగు చెట్లు దాటేలోపు అయిపోతుంది.

అరుగు మీద రైతు వాళ్ళ నాన్న కూర్చుని ఉన్నాడు. పరాయి ఇంట్లో పెద్దాయన ముందు నేను చుట్ట వెలిగించను. అగ్గిపెట్టె తీసుకుని చెట్లలోకి నడిచాను.

"అక్కా, ఇక్కడే కాల్చుకోండి! మాకేం పట్టింపుల్లేవు!"

"పెద్దాయన ఉన్నారు కదండీ, బాగోదు."

"నాన్నా, నువ్వు లోపలికి పద."

"నేనెందుకురా? గాలికి కూర్చున్నాను."

ముందు వరసల్లో పిందె గుత్తులు గుత్తులుగా ఉంది. వెనక్కి తిరుగుదామంటే చుట్ట సగం కూడా కాలలేదు. పారేయడానికి మనసొప్పలేదు. "ఎండక్కా!" అని వెనక నుంచి కేక. తోటలో నీడే గదా అనుకుంటూ నడిచాను. చివరి వరసలకి వచ్చేసరికి ఆకులు జిగురు పట్టి మెరుస్తున్నాయి. పూతంతా తేనెమంచు పురుగు తినేసి నల్లగా మాడిపోయింది. ఒక్క పిందె లేదు. ఒక రెమ్మ తుంచుకుని గబగబా వచ్చాను.

వచ్చేసరికి మరిది చెయ్యి, రైతు చెయ్యి తువ్వాలు కింద ఉన్నాయి. మా బేరాల్లో ధర నోటితో చెప్పరు, తువ్వాలు కింద వేళ్ళతో చెబుతారు. వేలు నొక్కితే ఒప్పుకున్నట్టే. తర్వాత మాట తిప్పకూడదు. మరిది సగం నిద్రలో ఉన్నాడు.

"చెయ్యి తియ్!" అని అరిచాను. నోట్లో చుట్ట ఉన్న సంగతే మర్చిపోయాను.

పెద్దాయన నా వంక చూశాడు. "వాసన బాగుందమ్మా," అన్నాడు.

రెమ్మ తీసుకెళ్ళి తువ్వాలు మీద పెట్టాను.

"అది పక్క తోటదక్కా," అన్నాడు రైతు.

"పక్కనున్నది పామాయిల్ తోటండి."

పెద్దాయన పగలబడి నవ్వాడు. వంటింటి గుమ్మంలోంచి రైతు భార్య మొగుడి మీద విరుచుకుపడింది. "ఆ డబ్బా ఎవరు తియ్యమన్నారండీ మిమ్మల్ని? బడ్డీకొట్టు చుట్ట ఇస్తే ఆ గుమ్మం ముందే అయిపోయేదిగా!"

తువ్వాలు మళ్ళీ పరిచారు. ఈసారి చెయ్యి నాది. కాయ ఉన్న వరసలకే ధర చెప్పాను. రైతు చాలాసేపు వేళ్ళు పట్టుకుని కూర్చుని, చివరికి నొక్కాడు. ఆ కాపు మార్కెట్లో బాగానే పోయింది. ఇల్లు నిలిచింది. ఒక గేదె తిరిగొచ్చింది. మరిది మాత్రం ఇప్పటికీ, ఆ రోజు తను నిద్రపోలేదనే అంటాడు.

మీ పొయ్యి మీద చారు ఎప్పుడూ మరుగుతూ ఉండాలి తల్లీ. మీ విస్తట్లో పూర్ణం వేసిన చేతికి ఏ మర్మం ఉండకూడదు. మీ తోట చివరి వరస దాకా కాయాలి.