డాష్‌బోర్డు మీది దీపం

ఇన్నేళ్లుగా నా ముక్కులో ఒక వాసన ఉంది. కాలుతున్న ప్లాస్టిక్ వాసన. అన్నం ముందు కూర్చున్నప్పుడు కూడా వస్తుంది. లేచి ఇంట్లో స్విచ్చులన్నీ తడిమి చూస్తాను. చల్లగా ఉంటాయి. మా ఆవిడకి ఆ వాసన రాదు. ఎవరికీ రాదు. ఎందుకొస్తుందో నాకు తెలుసు. ఆ తెలిసినదాన్నే ఇంతకాలం మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో పటమటలో నాకు కార్ల సామాన్ల షాపు ఉండేది. అప్పట్లో అందరూ అడిగింది డాష్‌బోర్డు మీద పెట్టుకునే అమ్మవారి బొమ్మ, దాని చుట్టూ ఎర్రగా వెలిగే దీపాలు. బండిలో ఉండే సిగరెట్ లైటర్ సాకెట్లో గుచ్చుకుంటే చాలు. కానీ బండి ఆపగానే అమ్మవారి ముందు దీపం ఆరిపోతే మనవాళ్లకి మనసొప్పదు. అందుకని తాళం తీసినా వెలుగుతూనే ఉండేలా నేను బ్యాటరీకి నేరుగా వైరు లాగేవాణ్ణి. వైరు వేడెక్కితే కరెంటు ఆగిపోయేలా మధ్యలో ఫ్యూజు పెట్టాలి. పెట్టేవాణ్ణి కాదు. బద్ధకం, ఇంకేం కాదు.

ఒకరోజు డీలరు ఫోన్ చేశాడు. ఆ బొమ్మలు వేడెక్కి అంటుకుంటున్నాయట, అమ్మినవన్నీ వెనక్కి తెప్పించమని కంపెనీ చెప్పిందట. ఇల్లిల్లూ తిరిగాను. దాదాపు అన్నీ తెచ్చాను. భవానీపురంలో ఒక కాంట్రాక్టరు గారి కారు మిగిలింది. ఆయన భార్య నన్ను గుమ్మంలోనే ఆపేశారు. "కొండ మీది అమ్మవారి గుడి దగ్గర పూజ చేయించిన బండండీ. అమ్మవారిని పీకేస్తారా? తప్పు కదూ" అన్నారు.

అంటుకుంటుందని ఒక్క మాట చెబితే ఇచ్చేసేవారే. కానీ ఆ మాట చెబితే వైరు ఎవరు లాగారన్న ప్రశ్న వస్తుంది. "కొత్త మోడలు వచ్చిందని అడిగానండీ, ఉంచుకోండి" అన్నాను. నవ్వుతూ అన్నాను.

ఆ ఏడాది వేసవిలోనే ఆ కారు ఉయ్యూరులో ఒక పెళ్లికి వెళ్లింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక డ్రైవరు దుర్గారావు అందులోనే కునుకు తీశాడు. డాష్‌బోర్డు అంటుకుంది. చేతులూ మొహమూ కాలి బయటపడ్డాడు. బీడీ తాగుతూ నిద్రపోయాడన్నారు. పనిలోంచి తీసేశారు. మళ్లీ ఎవరూ అతనికి బండి ఇవ్వలేదు. నేను వెళ్లి ఆ కారు చూశాను. బీడీ పడితే ముందు కాలాల్సిన డ్రైవరు సీటు సగమే కాలింది. నేను లాగిన వైరు మాత్రం ఈ చివరినుంచి ఆ చివరికి మసి అయిపోయింది. "బీడీయే కదండీ" అని పక్కనున్నవాళ్లు అంటే తల ఊపాను. ఎందుకూపాను? ఊరికే నిలబడినా సరిపోయేది కదా?

అప్పటినుంచి ఆగి ఉన్న కార్ల పక్కన నడవలేను. తాళాలు వేసి ఉంటాయి. అద్దం వెనక ఎర్ర వెలుగు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. ఆ వెలుగులో ఎవరో వెనక్కి వాలి పడుకున్నట్టు కనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే సీటు ఖాళీ. అయినా అక్కణ్ణుంచి వెంటనే కదలబుద్ధి కాదు.

ఏళ్ల తర్వాత దుర్గారావు షాపుకొచ్చాడు. పాత ఆటో ఒకటి కొనుక్కున్నాడట. సగం మొహం మీద చర్మం నున్నగా మెరుస్తోంది.

"అమ్మవారి లైటొకటి పెట్టండి సార్. ఆ రోజు ఆవిడే కాపాడింది నన్ను."

"ఆ రోజు నువ్వు బీడీ తాగావా?" అని అడిగాను. తాగానంటే నేను బతికిపోదామనా?

అతను చెంప మీది మచ్చ తడుముకున్నాడు. "మొదట్లో తాగలేదనే చెప్పేవాణ్ణండీ. ఎవరూ నమ్మలా. ఇప్పుడు కల్లో కనపడతా ఉంటదండీ, నేనే అగ్గిపుల్ల గీస్తన్నట్టు. తాగే ఉంటాను లెండి."

నేను తల ఊపి ఒప్పుకున్న అబద్ధం అతని తలలోకి దూరి, జరగనిదాన్ని జరిగినట్టు చూపిస్తోంది. "ఆ బొమ్మలు ఇప్పుడు రావట్లేదయ్యా" అన్నాను. అతను వెళ్లిపోయాడు. వెనక్కి పిలవలేదు.

ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. వెతికానా అంటే, లేదు. క్షమించమని రాయడం లేదు. క్షమించాల్సినవాడు ఇది చదవడు. ఉన్నది ఉన్నట్టు ఒక్కచోటైనా ఉండాలని రాస్తున్నాను. దుర్గారావు ఆ రోజు అగ్గిపుల్ల గీయలేదు. ఆ మంట నేను పెట్టాను.